మడతకత్తుల ఎంపిక సంఘం

మా ఊరి ఆడవాళ్లు మలుపు దగ్గర ఒక లైటు కావాలని అర్జీ పెట్టుకున్నారు. మండలాఫీసు వాళ్లు మనిషికో మడతకత్తి మంజూరు చేశారు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో నాకు తెలుసు, ఆ మధ్యలో నేనూ ఉన్నాను గనక.

నా పేరు వీరాచారి. కొత్తనెమిలిపాలెం మండలాఫీసుకు ఎదురుగా నా కొలిమి. ఊరి బడిలో అయిదు దాకా చదివాను. మాట్లాడేది తక్కువ. కొలిమి దగ్గర నోరు తెరిస్తే మసి లోపలికి పోతుంది. అట్టా అలవాటైపోయింది.

ముందు మలుపు సంగతి చెప్పాలి. ఊరికీ పొగాకు గ్రేడింగు షెడ్డుకీ మధ్య కిలోమీటరున్నర రోడ్డు. సగం దూరంలో మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ రోడ్డు వంకర తిరుగుతుంది. ఫ్యాక్టరీ గోడ చాటున ఒక బెల్టు షాపు. పొద్దుగూకితే చాలు, అక్కడ తాగే నలుగురు రోడ్డు మీదికి వచ్చి కూర్చుంటారు. షెడ్డులో పని వదిలేపాటికి చీకటి పడుతుంది. మా ఊరి ఆడవాళ్లు పద్దెనిమిది మంది ఆ మలుపు దాటి ఇంటికి రావాలి. మొదట్లో ఆ తాగుబోతులు మాటలన్నారు. తర్వాత పాటలు పాడారు. మొన్న కార్తీకం పోయాక ఒకడు లేచొచ్చి మాలకొండమ్మ కోడలి చెయ్యి పట్టుకున్నాడు. మాలకొండమ్మ టిఫిను క్యారేజీతో వాడి నెత్తిన ఒక్కటిచ్చింది.

మర్నాడు ఆ క్యారేజీ సొట్ట తీయించుకోవడానికి నా దగ్గరికొచ్చింది.

"వాడి తలకాయ సొట్టపోలేదా?" అని అడిగాను.

"చీకట్లో కనపళ్లా ఆచారన్నా. తగిలింది వాడికో, పక్కనోడికో కూడా తెలియలా. అందుకే గదా లైటు అడగాలంటున్నా."

కోడలు ఆ రోజు నుంచి పని మానేసింది. ఇంకో ఇద్దరు మానేశారు. షెడ్డు మేస్త్రి కబురు పంపాడు. నెలాఖరు లోపల పద్దెనిమిది మందీ రాకపోతే పక్క మండలం నుంచి ఆటోల్లో వేరే మనుషుల్ని తోలుకుంటానన్నాడు. ఒకసారి ఆటో వచ్చిందంటే ఇక వీళ్లకు ఆ షెడ్డు లేనట్టే.

సోమవారం అర్జీల రోజు. బీరువా తాళం ఇరుక్కుందని కబురొస్తే నేనూ ఆఫీసులోనే ఉన్నాను. మాలకొండమ్మ కాగితం తీసి ప్రత్యేకాధికారి చక్రధరం గారి బల్ల మీద పెట్టింది.

"పెంకుల ఫ్యాక్టరీ మలుపు కాడ ఒక లైటు సారూ. అంతే."

చక్రధరం గారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. చెడ్డ మనిషి కాదు. ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదువుతారు.

"చూడమ్మా. లైటు అనే అంశం మన పరిధిలోకి రాదు. స్తంభం విద్యుత్ శాఖది. బల్బు పంచాయతీది. స్తంభం పాతే చోటు రోడ్ల శాఖది. చీకటి..." అని ఆగి, సీనియర్ అసిస్టెంటు పానకాలు వైపు చూశారు.

"చీకటి ఏ శాఖకీ కేటాయించలేదు సార్," అన్నాడు పానకాలు.

"అదీ సంగతి. అయితే, మీ అర్జీలోని మూలాంశం ఏమిటి? రక్షణ. రక్షణ నిమిత్తం మన దగ్గర పథకం సిద్ధంగా ఉంది."

అంతకు ముందు వారమే పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మహిళా ఆత్మరక్షణ పక్షోత్సవం. పదిహేను రోజుల్లో ప్రతి మండలం ఒక వినూత్న కార్యక్రమం చేసి ఫోన్లోని యాప్ ద్వారా ఫోటోలు పంపాలి. ఒక మండలం వాళ్లు ఈలలు పంచారట. ఇంకో మండలం వాళ్లు కారం పొట్లాలు పంచారట.

"మనం వాళ్లకంటే ఒక మెట్టు పైన ఉండాలి. మనిషికో మడతకత్తి," అన్నారు చక్రధరం గారు.

మాలకొండమ్మకు అర్థం కాలేదు. "కత్తులు మాకు లేవా సారూ? ఇంట్లో కత్తిపీట ఉంది, చూర్లో కొడవలి ఉంది. ఆ సచ్చినోడు యాడున్నాడో కనపడితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

"కొడవలి వ్యవసాయ పనిముట్టమ్మా. దాన్ని ఆత్మరక్షణగా పరిగణించడానికి వీల్లేదు. మడతకత్తి అంటే సాధికారత."

ఆ సాయంత్రానికే ఎంపిక సంఘం ఏర్పడింది. చక్రధరం గారు అధ్యక్షులు. మహిళా సంక్షేమం తరఫున సుహాసిని మేడం. శాంతిభద్రతల తరఫున హెడ్ కానిస్టేబులు జక్రయ్య. సభ్య కార్యదర్శి పానకాలు. ఇనుము గురించి తెలిసినవాడు ఒకడుండాలని నన్నూ వేశారు. అనధికార నిపుణ సభ్యుడు అని కాగితం ఇచ్చారు. మా ఆవిడ దాన్ని పటం కట్టించమంది.

మొదటి సమావేశానికి మూడు నమూనాలు పెట్టారు. ఒకటి టౌను నుంచి తెప్పించిన స్ప్రింగు కత్తి. అధ్యక్షులు దాని మీట నొక్కారు. టక్కుమని తెరుచుకుంది. ఆయన చేతిలో టీ ఒళ్లో పడింది.

"ఇది ప్రమాదకరం. రాసుకో పానకాలూ."

రెండోది తాళాలగుత్తికి తగిలించుకునే బుల్లి కత్తి. అందులో గోళ్లు తీసుకునేదీ, సీసా మూత తీసేదీ కూడా ఉన్నాయి.

"సీసా మూత తీసేది మనవాళ్లకి దేనికి మేడం? ఎదటోడికి సాయం చేసినట్టుంటది," అన్నాడు జక్రయ్య. దాన్నీ పక్కన పెట్టారు.

మూడోది నేను చేసింది. లారీ కమాను పట్టా సాగగొట్టి, బర్రెకొమ్ము పిడి వేశాను. బెత్తెడు పొడుగు.

ఇలాంటి కత్తి ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి మూడు. చీకట్లో ఒంటిచేత్తో తెరుచుకోవాలి. తెరుచుకున్నాక మన వేళ్ల మీదే మూసుకోకూడదు. చెమట పట్టిన చేతిలో జారకూడదు. ఇంకో మాట కూడా ఉంది. ఎంత మంచి కత్తయినా ఆఖరున తీసేది. దానికంటే ముందు దారి కనపడాలి, పక్కన మనుషులుండాలి, పరిగెత్తడానికి చోటుండాలి. ఇవన్నీ చెబుదామని వరసగా మనసులో పేర్చుకుంటున్నాను. ఈలోపు సుహాసిని మేడం చెయ్యెత్తారు.

"పదును గురించి నాకు అభ్యంతరం ఉంది సార్. లబ్ధిదారు వేలు తెగితే బాధ్యత ఎవరిది?"

బాధ్యత అనే మాట వినపడితే ఆ ఆఫీసులో ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది.

"పదును తీసివేయవలసిందిగా తీర్మానించడమైనది," అన్నారు అధ్యక్షులు.

"మొన కూడా చూడండి సార్," అన్నాడు పానకాలు. "దాడి చేసిన వ్యక్తికి గుచ్చుకుంటే? అతనూ మన మండల నివాసే. వేరే పథకంలో లబ్ధిదారు అయి ఉండొచ్చు."

మొన గుండ్రంగా ఉండాలని తీర్మానించారు. పిల్లలు తెరుస్తారేమోనని రెండు చేతులతో నొక్కితే గాని తెరుచుకోని గడియ పెట్టమన్నారు. అట్టా తెరవడానికి ఎంతసేపు పడుతుందని నన్నడిగారు. అర నిమిషం అని వేలితో చూపించాను.

"ఆ అర నిమిషం వాడేం చేస్తుంటాడు సార్?" అని అడిగాడు జక్రయ్య. ఇరవై ఏళ్లుగా తాగుబోతుల్ని జీపెక్కిస్తున్నవాడు, అతనికి ఆ సందేహం సహజం.

"ఆ వ్యవధిలో అతనికి పశ్చాత్తాపం కలిగే అవకాశాన్ని మనం తోసిపుచ్చలేం," అన్నారు అధ్యక్షులు.

మాట్లాడదామని గొంతు సవరించుకున్నాను. పానకాలు వెంటనే ఏదో రాశాడు. తర్వాత సంతకం పెట్టించుకునేటప్పుడు చదివాను. 'నిపుణ సభ్యుడు హర్షం వ్యక్తం చేశారు. మిగిలిన అంశాలకు మౌనంగా పూర్తి సమ్మతి తెలిపారు.'

పద్దెనిమిది కత్తులూ నేనే కొట్టాను. ముప్పై ఏళ్లలో కొలిమి దగ్గర పదును పెట్టడం నేర్చుకున్నాను. పదును తీయడం ఆ వారంలో నేర్చుకున్నాను.

రెండో సమావేశం పరీక్ష కోసం. ఒక సొరకాయ తెచ్చి బల్ల మీద పెట్టారు. సుహాసిని మేడం కత్తి గడియ నొక్కారు. గోరు విరిగింది. రెండోసారి జక్రయ్య తెరిచి బల్ల మీద పెట్టాడు. మేడం కోశారు, రుద్దారు, చివరికి కొట్టారు. సొరకాయ దొర్లి కిందపడింది. అంతకు మించి ఏమీ కాలేదు.

పానకాలు రాసుకున్నాడు. 'సొరకాయకు ఎటువంటి హానీ జరగలేదు. ఫలితం సంతృప్తికరం. సొరకాయను ఆధారంగా భద్రపరచడమైనది.' దాన్ని పానకాలు వాళ్లింట్లో భద్రపరిచారు. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీలో సొరకాయ కూర వచ్చింది. బాగానే ఉంది.

తర్వాత వినియోగ నిబంధనలు తయారయ్యాయి. కత్తి తెరిచే ముందు లబ్ధిదారు, 'నేను ఆత్మరక్షణ నిమిత్తం కత్తి తెరుస్తున్నాను' అని మూడుసార్లు స్పష్టంగా చెప్పాలి. తెరిచిన ప్రతిసారీ ఆరో నంబరు పత్రం మూడు ప్రతులు నింపాలి. అందులో తేదీ, సమయం, దాడి స్వభావం, ఇద్దరు సాక్షులు, చివర దాడి చేసిన వ్యక్తి సంతకం.

"వాడికి సంతకం రాకపోతే సార్?" అన్నాడు జక్రయ్య.

"మంచి ప్రశ్న. వేలిముద్ర చాలు. కత్తితో పాటు ఒక స్టాంపు ప్యాడు కూడా ఇద్దాం."

ఆ సాయంత్రం మాలకొండమ్మ కొలిమి దగ్గరికి వచ్చింది. అప్పటికి ఏడుగురు పని మానేశారు. నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులుంది. చల్లారబెట్టిన కత్తుల్లో ఒకటి తీసి బొటనవేలితో అంచు తడిమింది. తర్వాత దాంతో చేతికంటిన పొగాకు జిగురు గీక్కుంది.

"ఆచారన్నా, దీంతో ఏం జెయ్యాలి?"

"చూపించాలి."

"చీకట్లోనా?"

నేను కొలిమి తిత్తి లాగాను. ఆమె కత్తిని మళ్లీ వరసలో పెట్టేసింది.

"నిన్ను ఆ సంఘంలో ఏసింది మాట్టాడతావని గదా," అంది. "నువ్వక్కడ కూడా తిత్తి లాగుతున్నావా ఏంది?"

ఆ మాట రాత్రి అన్నం తినేటప్పుడు కూడా చెవిలోనే ఉంది.

పంపిణీ గురువారం మధ్యాహ్నం మూడింటికి. సమావేశ మందిరంలో షామియానా గుడ్డ కట్టారు. పద్దెనిమిది కత్తులూ పళ్లెంలో పేర్చి మీద బంతిపూలు చల్లారు. ఆడవాళ్లంతా పని మానుకుని వచ్చారు. పేరు పిలిస్తే వచ్చి కత్తి అందుకోవాలి. అధికారి చెయ్యి, లబ్ధిదారు చెయ్యి, మధ్యలో కత్తి, ఈ మూడూ ఒకే ఫోటోలో పడాలి. యాప్ అట్టాంటి ఫోటో తప్ప ఇంకోటి తీసుకోదు.

"మొదటి లబ్ధిదారు, మాలకొండమ్మ."

ఆమె వెళ్లింది. చక్రధరం గారు కత్తి చాచి నవ్వారు. పానకాలు ఫోను ఎత్తాడు. మాలకొండమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"అందుకోమ్మా."

"కింద పెట్టండి సారూ. తీసుకుంటా."

"కింద పెట్టడమేమిటి?"

"కత్తి చేతిలోంచి చేతిలోకి తీసుకోగూడదు గదా సారూ. పగ బుట్టుద్ది. మీకూ నాకూ పగలెందుకు?"

అది ఆమె ఎగతాళికి అన్నది కాదు. మా ఊళ్లో ఎవరూ తీసుకోరు. ముప్పై ఏళ్లుగా కొడవళ్లు, గొడ్డళ్లు చేసిస్తున్నా, ఒక్కటీ నేను చేతికివ్వలేదు. నేల మీద పెడతాను, వాళ్లు తీసుకుంటారు. సంఘం పత్రాల్లో అన్నీ రాసుకున్నాం, ఇది ఒక్కటి ఎవరికీ తట్టలేదు. నాకు కూడా తట్టలేదు. రోజూ చేసే పని ఎవరూ చెప్పుకోరు.

"ప్రభుత్వానికి ఎవరి మీదా పగ ఉండదమ్మా," అన్నారు చక్రధరం గారు.

వెనక బెంచీ నుంచి పిచ్చమ్మ అనే ఆవిడ అందుకుంది. "ఒక లైటు ఇయ్యనోళ్లకి పగ ఉందో లేదో మాకేం దెలుసు సారూ?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సుహాసిని మేడం అధ్యక్షుల చెవి దగ్గరికి వంగి, "మా ఇంట్లో కూడా అంతే సార్. మా అత్తగారు కత్తిపీట కూడా చేతికివ్వరు," అన్నారు.

ఇక ప్రయత్నాలు మొదలయ్యాయి. బల్ల మీద పెట్టి తీసుకోమన్నారు. తీసుకుంది. యాప్ 'రెండవ చెయ్యి కనిపించుట లేదు' అంది. పళ్లెంలో పెట్టి ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. 'కత్తి కనిపించుట లేదు' అంది. బంతిపూలు తీసేశారు. 'పళ్లెం గుర్తించబడినది. మీరు భోజన పథకంలోకి వెళ్లదలచారా?' అంది. చక్రధరం గారు చేతికి తువ్వాలు చుట్టుకున్నారు. 'అధికారి గాయపడినట్లు నమోదు చేయాలా?' అంది. పానకాలు తొందరలో అవును నొక్కబోతే జక్రయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

అయిదున్నరయింది. పక్షోత్సవానికి అదే ఆఖరి రోజు. ఆరు గంటలకు యాప్ మూసుకుంటుంది.

"పంపిణీ అయినది అని పెట్టెయ్, పానకాలూ."

"ఫోటో లేకుండా తీసుకోదు సార్. ఇంకో వీలు ఉంది. 'భద్రపరచబడినది'. దానికి ఫోటో అడగట్లేదు."

"నొక్కు."

నొక్కాడు. ఫోను ఒక పేద్ద కాగితం విప్పింది. పానకాలు చదువుతుంటే గొంతు సన్నబడుతూ వచ్చింది.

"పంపిణీ కాని ఆయుధ స్వభావం గల ప్రభుత్వ సామగ్రిని పక్కా గదిలో, ఇనుప తలుపు వెనక ఉంచవలెను. గదికి నలువైపులా సూర్యాస్తమయం మొదలు సూర్యోదయం వరకు దీపాలు వెలగవలెను. సాయుధ కాపలా ఉండవలెను. రెండు వందల మీటర్ల లోపు మద్యం అమ్మకం ఉండరాదు. నలభై ఎనిమిది గంటల్లో ఏర్పాట్లు పూర్తి కాని పక్షంలో సంబంధిత అధికారి వ్యక్తిగతంగా సంజాయిషీ..."

"చాలు," అన్నారు చక్రధరం గారు. తువ్వాలు ఇంకా చేతికే ఉంది. దాంతో మొహం తుడుచుకున్నారు.

"ఇవి కత్తులు కావు సార్. సొరకాయ సాక్షిగా," అన్నాడు జక్రయ్య.

"మనమే కత్తులని తీర్మానించాం కదయ్యా!"

ఎక్కడ పెట్టాలి? మండలాఫీసు గదులు వానకు కారుతాయి. బడిలో పిల్లలుంటారు. ఆసుపత్రిలో పెడితే డాక్టరమ్మ ఒప్పుకోదు. స్టేషన్లో పెడదామంటే, అక్కడున్న ఒకే గదిలో పట్టుకొచ్చిన మోటారు సైకిళ్లున్నాయన్నాడు జక్రయ్య. అధ్యక్షులు ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చారు. ఆఖరున నా దగ్గర ఆగారు. అలవాటు కొద్దీ దాటేయబోయారు.

వెనక బెంచీ నుంచి మాలకొండమ్మ నా వైపే చూస్తోంది.

"పెంకుల ఫ్యాక్టరీ మలుపు కాడ పాత పంపుహౌసు ఉంది సార్," అన్నాను. "పక్కా గది. తలుపు ఇనపది. నేనే చేశాను."

అందరూ నా వైపు తిరిగారు. పానకాలు కలం గాల్లో ఆగిపోయింది. పాపం, నేను మాట్లాడితే ఎట్టా రాయాలో అతనికి నమూనా లేదు.

"అయితే అక్కడ... దీపాలు లేవు కదా?" అన్నారు చక్రధరం గారు, మెల్లగా.

"లేవు సార్," అన్నాను. అంతటితో ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున పదింటికి విద్యుత్ శాఖ, పంచాయతీ, రోడ్ల శాఖ ఒకే జీపులో దిగాయి. ఇరుకైతే ఒకరు ఇంకొకరి ఒళ్లో కూర్చుని వచ్చారు. స్తంభం ఎవరిది, బల్బు ఎవరిది అని ఒక్కరూ అడగలేదు. సాయంత్రానికి నాలుగు స్తంభాలు లేచాయి. బెల్టు షాపువాడు సామాను సైకిల్ మీద కట్టుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికని అడిగితే, "కత్తులున్న చోట వ్యాపారం చెయ్యలేను ఆచారీ, నాకు పిల్లలున్నారు," అన్నాడు. జక్రయ్య పంపుహౌసు ముందు కుర్చీ వేసుకుని తుపాకీ ఒళ్లో పెట్టుకున్నాడు. లోపల పద్దెనిమిది కత్తులు పళ్లెంలో ఉన్నాయి. వాడిన బంతిపూలు కూడా వాటితో పాటే ఉన్నాయి, పెట్టినవి తీయాలంటే మళ్లీ తీర్మానం కావాలి.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులుండగా పద్దెనిమిది మందీ షెడ్డుకు పోయారు. వచ్చేటప్పుడు ఆ వెలుగులో వాళ్ల నీడలు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. మాలకొండమ్మ కోడలు మధ్యలో కాకుండా ముందు నడిచింది. జక్రయ్యను చూసి, "బాబాయ్, కత్తులు జాగర్త," అంది. ఆటోలు రాలేదు.

అట్టా నాలుగు నెలలు గడిచాయి. పథకం అమలైన నాటి నుంచి ఆ రోడ్డు మీద ఒక్క దాడీ జరగలేదనీ, ఒక్క కత్తీ తెరవాల్సిన అవసరం రాలేదనీ పై వాళ్లకు నివేదిక వెళ్లింది. మా మండలానికి ప్రశంసాపత్రం వచ్చింది. పొరుగు మండలం వాళ్లు వచ్చి సొరకాయ పరీక్ష ఎట్టా చేయాలో నేర్చుకుని పోయారు.

అయిదో నెలలో చక్రధరం గారు స్వయంగా మలుపు దగ్గరికి వచ్చారు, ఆడవాళ్లు పని నుంచి తిరిగొచ్చే వేళ చూసుకుని. వెంట పానకాలు. పంపుహౌసు తలుపుకు నూనె వెయ్యమంటే నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మా, శుభవార్త. యాప్ మారింది. ఇక కత్తి చేతికే ఇవ్వనక్కర్లేదు. కత్తిని బల్ల మీద ఉంచి తీసుకోవచ్చు. మీ ఆచారాన్ని ప్రభుత్వం గౌరవించింది."

ఆడవాళ్లు దీపాల కింద ఆగారు.

"కత్తులు పంచేసినాక ఈ గది ఏం జేస్తారు సారూ?" అని అడిగింది మాలకొండమ్మ.

"మూసేస్తాం. జక్రయ్య స్టేషనుకు పోతాడు. దీపాలు విప్పి ఇంకో మండలంలో కత్తులున్న చోటికి పంపుతాం. ఏ రోజు వీలో మీరే చెప్పండి. లబ్ధిదారుల సమ్మతి లేకుండా తేదీ వెయ్యకూడదని నిబంధన. శనివారం పెట్టుకుందామా?"

మాలకొండమ్మ కోడలి వైపు చూసింది. కోడలు పైన వెలుగుతున్న బల్బు వైపు చూసింది.

"శనివారం ఇనుము ఇంటికి తేగూడదు సారూ," అంది మాలకొండమ్మ.

"సరే, శుక్రవారం."

"శుక్రవారం కత్తి ముట్టుకుంటే లచ్చిమి అలుగుద్ది," అంది పిచ్చమ్మ.

"గురువారం?"

"గురువారం మేమంతా ఒక్కపొద్దు సారూ. నీరసంలో కత్తి పట్టుకుంటే ఏ ఏలో తెగుద్ది. బాధ్యత మీ మీదికొస్తది," అంది కోడలు.

బాధ్యత అనగానే పానకాలు గురువారాన్ని కొట్టేశాడు.

"బుధవారం?"

బుధవారానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. పద్దెనిమిది మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జక్రయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు. చక్రధరం గారి మొహం విప్పారింది. పానకాలు తేదీ వెయ్యడానికి కలం మూత తీశాడు.

నేను నూనె గిన్నె కింద పెట్టాను.

"బుధవారం మా కమ్మరోళ్లం కొలిమి ముట్టించం సార్. మేం చేసిన ఇనుము ఆ రోజు చేతులు మారితే చేసినోడికి అరిష్టం."

అట్టాంటి ఆచారం మా తాతల కాలం నుంచీ లేదు. అక్కడే, అప్పుడే పుట్టింది. చక్రధరం గారు నన్ను చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి దీపాల్ని చూశారు, ఆ వెలుగులో నిలబడ్డ ఆడవాళ్లను చూశారు. ఏం చదువుకున్నారో గాని, ఎప్పట్లాగే రెండుసార్లు చదువుకున్నట్టున్నారు.

"రాసుకో పానకాలూ. నిపుణ సభ్యుడి అభిప్రాయం," అన్నారు. గొంతులో కోపం లేదు. "మంగళవారం సంగతేమిటమ్మా?"

"మంగళవారం గోళ్లే తీసుకోం సారూ, కత్తి తీసుకుంటామా?"

"సోమవారం?"

"సోమవారం మీరు అర్జీలు చూడాల గదా. జనం ఎదురు చూస్తంటారు."

"ఇక మిగిలింది ఆదివారం."

మాలకొండమ్మ కొంగు సర్దుకుంది.

"ఆదివారం మీకు సెలవు గదా సారూ," అంది, ఎంతో మర్యాదగా.